పేరు పిలిచినప్పుడు

పెళ్ళికి పిలిచిన పెద్దమనిషి రాకూడదని పెళ్ళివారి గేటు దగ్గరే నిలబడి దండం పెట్టుకున్న మనిషిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నా పేరు రత్నమణి. మాది జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. మొన్న మాఘమాసంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నందిగామలో ఫంక్షన్‌హాలు గేటు దగ్గర, పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, "ప్రభువా, మా ఎంపీగారిని ఇక్కడికి రానివ్వకు తండ్రీ" అని వేడుకున్నాను. పక్కనే పెళ్ళికూతురి తండ్రి ఆ ఎంపీ కోసమే పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకే గేటు, ఒకే మనిషి కోసం రెండు ఎదురుచూపులు. దేవుడు ఎవరి మాట వింటాడో మరి.

ఎందుకు వేడుకున్నానో చెప్పాలంటే ముందు మా ముఠా సంగతి చెప్పాలి. ముఠా అంటే మిరపకోతలకి వెళ్ళే ఆడకూలీల జట్టు. దానికి నేను మేస్త్రిని. ఏ రైతుకి ఎప్పుడు ఎంతమంది కావాలో మాట్లాడేది నేను, మనుషుల్ని కూడగట్టేది నేను, కోత సరిగ్గా లేదని రైతు గొణిగితే తిరిగి నాలుగు అనేదీ నేనే. తెల్లారకముందే చిల్లకల్లు సెంటర్లో ఆటో పక్కన నిలబడి పేర్లు పిలుస్తాను. పేరు వినపడగానే "ఉన్నా" అనాలి. అన్న మనిషి ఎక్కుతుంది. అనకపోతే ఇంకో పేరు. వస్తున్నా, చెప్పు తెగింది, పిల్లాడు లేవలేదు లాంటి కబుర్లు నా దగ్గర చెల్లవు. అక్కా, ఒదినా, పిన్నీ అన్న వరసలు కూడా అక్కడ ఉండవు. ఒట్టి పేరే. ఒకసారి మా సొంత ఆడబిడ్డని సెంటర్లో వదిలేసి బండి కదిలించాను. చాలాకాలం నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మాట్లాడకపోయింది గానీ, తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు.

ఆ ముఠాలో అందరికంటే గట్టిగా "ఉన్నా" అనేది హుస్సేన్‌బీ. పేరు సగం పలికేలోపే అనేసేది. నిద్రకళ్ళతో ఉన్నవాళ్ళందరూ నవ్వేవాళ్ళు. చేతివేగం కూడా అంతే. ఒకే వరసలో పక్కపక్కన మొదలుపెడితే మేం సగంలో ఉండగా ఆమె గట్టు మీద కూర్చుని మమ్మల్ని వెక్కిరించేది.

పోయిన ఏడాది కోతల్లో పెద్దరైతు కిషోర్‌బాబుగారి చేలో పని ముగించుకుని వస్తుంటే మా ఆటో బోల్తా పడింది. ఎక్కాల్సినవాళ్ళకంటే ఎక్కువమందిమి ఎక్కాం, నిజమే. దాచేదేముంది? తక్కువమంది ఎక్కితే మిగతావాళ్ళు చేలోకి ఎలా వెళ్తారు, ఎగిరి వెళ్తారా? మా అందరికీ దెబ్బలు తగిలాయి. ఆటో అంచున కూర్చున్న హుస్సేన్‌బీ కుడిచెయ్యి బండి కింద నలిగిపోయింది. మోచేతిదాకా తీసేశారు.

కిషోర్‌బాబుగారు ఆసుపత్రి ఖర్చంతా పెట్టుకున్నారు. కాదనను, మనిషి మాట కరుకే గానీ గుండె ఉంది. కానీ ఆ తర్వాత? చెయ్యి మళ్ళీ మొలవదు కదా. పరిహారం కోసం ఇన్సూరెన్సు ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడ కుర్చీలో కూర్చున్నాయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఆటోకి అనుమతి ఉన్నంతమందే లెక్క అన్నాడు. మిగతావాళ్ళు బండిలో లేనట్టేనట.

"లేకపోతే ఈ చెయ్యి ఎక్కడ పోయిందండీ?" అని అడిగాను.

"నేనేం చేసేదమ్మా? రూలు అట్టా ఉంది. లెక్క ప్రకారం ఈమె ఆ బండిలో లేదు" అన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూనే అన్నాడు. బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. హుస్సేన్‌బీ నా కొంగు పట్టుకుని బయటికి లాక్కొచ్చింది కాబట్టి సరిపోయింది.

అప్పటినుంచి హుస్సేన్‌బీ గడప దాటలేదు. తెల్లారి పేర్లు పిలిచేటప్పుడు అలవాటుకొద్దీ ఆమె పేరు నా నోట్లోంచి వచ్చేసేది. అందరూ ఆటో అంచున ఆమె కూర్చునే చోటు వైపు చూసేవాళ్ళు. ఒకరోజు ఇంటికెళ్ళి గట్టిగా అడిగాను.

"ఎన్నాళ్ళిట్టా గోడకి ఆనుకుని కూర్చుంటావే?"

"ఎక్కడికి రమ్మంటావక్కా? లెక్కలో లేని మనిషిని. లేనిదాన్ని ఎవరు పిలుస్తారు, ఎవరికి పలకాలి?" అంది. ఏడవనైనా ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ మర్నాడే నందిగామ బస్సెక్కి ఎంపీ భవానీప్రసాద్‌గారి ఆఫీసుకి వెళ్ళాను. మొదటిసారి గెలిచిన మనిషి. మంచివాడే. ఎవరికీ కాదని చెప్పలేడు, అదొక్కటే జబ్బు. రోడ్డు కావాలన్నవాడికీ సరే, ఆ రోడ్డు మా చేలోంచి వద్దన్నవాడికీ సరే. నేను చెప్పిందంతా విని తల పట్టుకున్నాడు.

"ఇది దేశం మొత్తానికి ఉన్న చట్టం రత్నమణిగారూ. ఇక్కడ ఎవరి చేతుల్లోనూ లేదు. ఢిల్లీలోనే మారాలి."

"మరి మిమ్మల్ని ఎక్కడికి పంపించాం సార్? తిరప్తికా?"

ఆఫీసులో ఉన్నవాళ్ళు గతుక్కుమన్నారు. ఆయన మాత్రం పగలబడి నవ్వి, టీ తెప్పించి, కూర్చోబెట్టి విషయం చెప్పాడు. మంత్రులు పెట్టే బిల్లులు వేరు. మంత్రి కాని మామూలు ఎంపీ కూడా బిల్లు పెట్టొచ్చు, దాన్ని ప్రైవేటు బిల్లు అంటారు. శుక్రవారం మధ్యాహ్నం వాటికి సమయం ఇస్తారు. అప్పటికి సభలో సగంమంది ఊళ్ళకి బయల్దేరిపోతారు. అధ్యక్ష స్థానంలో కూర్చున్నవాళ్ళు వరసగా పేర్లు పిలుస్తారు. పేరు పిలవగానే లేచి, ఫలానా బిల్లు ప్రవేశపెట్టడానికి అనుమతి ఇమ్మని సభని అడగాలి. సభ సరేనంటే ప్రవేశపెట్టినట్టు.

"పిలిచినప్పుడు మీరు లేకపోతే?"

"ఇంకో పేరుకి వెళ్ళిపోతారు."

నాకు నవ్వు ఆగలేదు. "ఇంతేనా సార్? ఢిల్లీలో ఇంకేదో పద్ధతి ఉంటదనుకున్నా. ఇది మా చిల్లకల్లు సెంటర్ పద్ధతేగా!"

మా ముఠా సంగతి చెబితే ఆయన కూడా నవ్వాడు. నవ్వి, మళ్ళీ ముఖం సీరియస్‌గా పెట్టాడు. "ఒక్కమాట ముందే చెప్తున్నా. ఇది పాసవుతుందని ఆశ పెట్టుకోకండి. ఇట్టాంటి ప్రైవేటు బిల్లు పాసై చట్టమైంది నేను పుట్టకముందు ఎప్పుడో."

"పాసయ్యే సంగతి తర్వాత చూద్దాం. ముందు పెట్టండి. బండిలో హుస్సేన్‌బీ కూడా ఉందని ఆ సభలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవరో ఒకరు లేచి నిలబడి చెప్పాలి. మాకర్థమయ్యేట్టు తెలుగులో చెప్పాలి."

"సరే" అన్నాడు. ఆయన సరే అంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి అక్కడితో వదల్లేదు. వారం వారం ఫోన్ చేశాను. ఆయన పీఏ నా నంబరు చూడగానే "ఎంపీగారు మీటింగులో ఉన్నారు" అనేవాడు, నేను "నేను మాట్లాడకముందే ఎట్టా తెలిసింది బాబూ?" అనేదాన్ని. చివరికి బిల్లు తయారైంది. పొలం పనికి వెళ్ళే కూలీ ఏ బండిలో వెళ్ళినా, ప్రమాదం జరిగితే బండిలో ఉన్న ప్రతి మనిషికీ పరిహారం రావాలి, దానికి ప్రభుత్వం ఒక నిధి పెట్టాలి. అంతే దాని సారం. ఫలానా శుక్రవారం సభలో పెట్టడానికి జాబితాలో చేరిందని ఎంపీగారే ఫోన్ చేసి చెప్పారు. ఆరోజు మా ముఠా అంతా చేలోనే నా చుట్టూ చేరి గోల చేసింది. రైతు వచ్చి ఏమైందోనని హడలిపోయాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అప్పుడొచ్చింది శుభలేఖ.

కిషోర్‌బాబుగారి అమ్మాయి అక్షయ పెళ్ళి. నందిగామలో, సాయంత్రం గోధూళి ముహూర్తం. ఏ రోజనుకున్నారు? ఆ శుక్రవారమే! శుభలేఖ మీద ముఖ్య అతిథి అని బంగారు రంగు అక్షరాల్లో భవానీప్రసాద్‌గారి పేరు. నిశ్చితార్థం రోజే ఈయన "నేను లేకుండా తాళి కట్టనివ్వకండి" అని మాటిచ్చి వచ్చాడట. చెప్పానుగా, కాదనలేని జబ్బు. ఒకే రోజుని ఇద్దరికీ రాసిచ్చేశాడు.

మా వైపు సంగతి మీకు తెలియకపోతే ఇది చిన్న విషయం అనిపించొచ్చు. మావాళ్ళు ఎంపీని ఢిల్లీలో ఏం చేశావని అడగరు. ఎవరి పెళ్ళిలో అక్షింతలు వేశాడు, ఎవరి దినానికి వచ్చి దండం పెట్టాడు, అదే చూస్తారు. వెనకటి ఎంపీ ఒకాయన నియోజకవర్గానికి ఏవేవో తెచ్చాడు పాపం. ఒక పెద్ద కుటుంబంలో పెద్దకర్మకి రాలేదని ఊరూరా అదే చెప్పుకుని ఓడించారు. అలాంటిది కిషోర్‌బాబుగారి ఇంటి పెళ్ళి! ఎన్నికలప్పుడు ఊళ్ళకి ఊళ్ళని ఈయన వెనక నడిపించిన మనిషి. పైగా కిషోర్‌బాబుగారికి ఆ బిల్లు అంటే మొదటినుంచీ గిట్టదు. "రేపు ఇదంతా తిరిగి తిరిగి రైతు నెత్తిన పడద్ది. హుస్సేన్‌బీకి నేను పెట్టలేదా? మళ్ళీ చట్టం ఎందుకు?" అని నాతోనే అన్నారు.

"మీరు పెట్టారు బాబుగారూ. మీరు కాక ఇంకొకరి చేలో పడితే ఎవరు పెడతారు?" అన్నాను. ముఖం తిప్పుకుని వెళ్ళిపోయారు.

పెళ్ళి ముందురోజు ఎంపీగారికి ఫోన్ చేశాను. ఢిల్లీలో ఉన్నాడు. గొంతులో ఉత్సాహం లేదు.

"అదే ఆలోచిస్తున్నా రత్నమణిగారూ. మధ్యాహ్నం విమానం ఎక్కితేనే సాయంత్రానికి నందిగామ చేరతా. సభలో ఉంటే పెళ్ళి అందదు. కిషోర్‌బాబు పొద్దుట్నుంచీ ఫోన్ మీద ఫోన్. బిల్లు వచ్చే సమావేశాల్లో పెట్టినా..."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంపీ అనీ చూడలేదు, ఏమీ చూడలేదు.

"వచ్చే సమావేశాలప్పుడు ఇంకెవరి పెళ్ళో ఉంటది సార్. మా సెంటర్లో పేరు పిలిచినప్పుడు పలక్కపోతే ఆ రోజు ఒక్క మనిషి కూలి పోద్ది. రేపు మీ పేరు పిలిచినప్పుడు మీరు పలక్కపోతే మా హుస్సేన్‌బీ రెండోసారి లేకుండా పోద్ది. ఒకసారి ఆఫీసోడు లేదన్నాడు. రెండోసారి మీరనండి. తర్వాత వచ్చి అక్షింతలేసుకోండి, ఎవరొద్దన్నారు?"

"ఉన్నారా సార్?" అన్నాను. ఫోన్ కట్టయింది. ఆయన పెట్టేశాడో, సిగ్నలు పోయిందో తెలియదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నోరు జారానా అని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

పెళ్ళిరోజు కిషోర్‌బాబుగారు మా ముఠాకి వ్యాన్ పంపించారు. ఆటో కాదు, వ్యాన్! సీటుకి ఒక మనిషి. ఆ ప్రమాదం తర్వాత ఆయన కూలీలని ఆటో ఎక్కనివ్వడం లేదు, అదీ చెప్పాలి. హుస్సేన్‌బీ రానంటే రానంది. ఆమె పెద్దకొడుకు ఆసిఫ్ జగ్గయ్యపేటలో పెళ్ళిళ్ళకి సౌండూ, ఎల్‌ఈడీ తెరలూ పెడతాడు. ఈ పెళ్ళికీ వాడిదే తెర. "నీ కొడుకు కట్టిన తెర చూడ్డానికైనా రావే" అని నేనూ ముఠాలో ఇంకొకామే చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. పమిట చెంగుతో కుడివైపంతా కప్పుకుని వ్యాన్‌లో ఒక మూల కూర్చుంది.

ఫంక్షన్‌హాలు ముందు ఫ్లెక్సీలో పెళ్ళికొడుకు తలకంటే ఎంపీ తల పెద్దగా ఉంది. మధ్యాహ్నం భోజనాలు చివరి బంతికొచ్చాయి. సన్నాయివాళ్ళు గేటు దగ్గర సిద్ధంగా ఉన్నారు. కిషోర్‌బాబుగారు శాలువా ఒకరికిచ్చి, దండ తను పట్టుకుని, ఎండలో అటూ ఇటూ తిరుగుతున్నారు. "విమానం దిగుంటాడు, దార్లో ఉంటాడు" అని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నారు. నేను ఆ పక్కనే నిలబడి నా ప్రార్థన నేను చేసుకుంటున్నాను.

అప్పుడు రోడ్డు మలుపులో ఎంపీ స్టిక్కరున్న తెల్లకారు కనిపించింది.

సన్నాయి మొదలైంది. కిషోర్‌బాబుగారి ముఖం వెలిగిపోయింది. నేను హుస్సేన్‌బీ వైపు చూడలేకపోయాను. అయిపోయింది, మళ్ళీ లేకుండా చేశాడు, ఈ మనిషి టీ ఇచ్చినా తాగకూడదు ఇంక అనుకున్నాను. కారు ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. ముందు ఒక చేతికర్ర బయటికొచ్చింది.

దిగింది ఎంపీ కాదు. ఆయన తల్లి దుర్గాంబగారు. నిండు ముత్తయిదువలా పట్టుచీర కట్టుకుని, చేతిలో వెండి పళ్ళెం పట్టుకుని దిగారు. డ్రైవరు తప్ప కారులో ఇంకెవరూ లేరు. ప్రభువా, అప్పుడు నేను వేసిన కేక సన్నాయి మోతలో కూడా అందరికీ వినపడింది. కిషోర్‌బాబుగారు నన్నొక చూపు చూశారు.

"మీ అబ్బాయి ఏరండీ?" అన్నారు దుర్గాంబగారితో.

"సభలో పనుందంట నాయనా. పొద్దున ఫోన్ చేశాడు. నా బదులు నువ్వెళ్ళమ్మా, అక్షింతలు నీ చేత్తో వెయ్యమ్మా అన్నాడు."

కిషోర్‌బాబుగారు దండని పక్కనున్నవాడి చేతిలో కుక్కి ఒంటికాలి మీద లేచారు. "అందరిలో నా పరువు తీశాడు! ఆయన కోసం నేనెంత తిరిగా? నా ఒక్కగానొక్క కూతురి పెళ్ళికి రాలేనంత పనేంటండీ? శుక్రవారం మధ్యాహ్నం అక్కడ కుర్చీలు తప్ప ఎవరుంటారు?"

నేను ఊరుకుందామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. "కుర్చీలున్నాయో మనుషులున్నారో చూస్తే పోలా బాబుగారూ? లోపల అంత పెద్ద తెర పెట్టారుగా" అని నోట్లోంచి వచ్చేసింది.

"పెళ్ళిపందిట్లో పార్లమెంటు ఏంది? నీకేమన్నా మతి పోయిందా?"

దుర్గాంబగారు చేతికర్ర నేలకి గట్టిగా తాటించారు. "పెట్టించు నాయనా. నా కొడుకు రాలేదనేగా నీ బాధ? రప్పించు, తెర మీదికి. ఎక్కడున్నాడో నీ కళ్ళతో నువ్వే చూడు. అక్కడా లేకపోతే నువ్వేమన్నా నేను పడతా."

అంత పెద్దావిడ అడిగితే ఇంకేమంటారు? కిషోర్‌బాబుగారు నోరు మూసుకుని లోపలికి నడిచారు. నేను ఆసిఫ్ దగ్గరికి పరిగెత్తాను. అప్పటిదాకా పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ చెట్ల చుట్టూ తిరిగే వీడియో నడుస్తున్న తెర మీదికి వాడు లోక్‌సభ తీసుకొచ్చాడు. పిల్లలు "అయ్యో" అన్నారు. పెద్దవాళ్ళు భోజనాల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలు లాక్కున్నారు. మేకప్ గదిలోంచి పెళ్ళికూతురు అక్షయ సగం జడతో తల బయటికి పెట్టి చూసింది.

తెర మీద అధ్యక్ష స్థానంలో ఒకామె కూర్చుని ఉంది. హిందీలో గబగబా చదువుతోంది. ఒక నంబరు, ఒక పేరు. ఎవరో లేచి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. ఇంకో నంబరు, ఇంకో పేరు. కుర్చీలు చాలామటుకు ఖాళీగానే ఉన్నాయి. మా ఎంపీ ఎక్కడా కనపడలేదు.

"కనపడడే?" అన్నారు కిషోర్‌బాబుగారు. దుర్గాంబగారు చేతికర్ర ఊతంగా తెర వైపు ఇంకో అడుగు వేశారు.

ఆమె ఇంకో పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. ఆమె తలెత్తి ఇటూ అటూ చూసి, ఊపిరి తీసుకున్నంత సేపట్లో ఇంకో పేరుకి వెళ్ళిపోయింది. అచ్చం నాలాగే! నేను చిల్లకల్లు సెంటర్లో ఎంత కఠినంగా ఉంటానో నాకు అప్పుడు తెలిసొచ్చింది. కాస్త ఆగమ్మా తల్లీ, చెప్పు తెగిందేమో, బాత్రూముకి వెళ్ళాడేమో అని నేనే ఆ తెరకి మొర పెట్టుకున్నాను.

మా అందరిలో ఆ హిందీ బాగా అర్థమయ్యేది హుస్సేన్‌బీకే. ఆమె వెనక వరసలోంచి మెల్లగా ముందుకొచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. "ఇప్పుడు మనదే అక్కా... బిల్లు పేరు చెప్పింది... కూలీలంటోంది..."

"శ్రీ భవానీప్రసాద్" అంది తెర మీది ఆమె.

తెర మీద ఆమె ముఖం తప్ప ఇంకేమీ లేదు. ఎవరూ పలకలేదు. ఆమె కాగితం మీంచి తలెత్తింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. ఆమె కళ్ళు మళ్ళీ కాగితం మీదికి దిగుతున్నాయి.

"ఉన్నా!"

నా పక్కనుంచి వచ్చింది ఆ కేక. హుస్సేన్‌బీ! కుర్చీ వెనక్కి పడిపోయేంత విసురుగా లేచి నిలబడింది. ఎడమ చెయ్యి పైకెత్తింది. పమిట జారిపోయి, మోచేతి దగ్గర ఆగిపోయిన కుడిచెయ్యి అందరికీ కనపడింది. ఆమె కప్పుకోలేదు. "ఉన్నా! ఉన్నామమ్మా! ఉన్నాం!"

తెర మారింది. ఎక్కడో వెనక వరసలో మా భవానీప్రసాద్‌గారు నిలబడే ఉన్నారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో పాపం, మైకు వెలగక దాన్ని వేలితో కొడుతున్నారు. ఎర్రదీపం వెలిగింది. గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షా! వ్యవసాయ కూలీలు పనికి వెళ్ళి వచ్చే దారిలో ప్రమాదానికి గురైతే, ఆ వాహనంలో ఉన్న ప్రతి ఒక్కరికీ పరిహారం అందేలా చేసే బిల్లును ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరుతున్నాను."

తెలుగు! ఆ సభలో, ఆ ఖాళీ కుర్చీల మధ్య, మా నందిగామ తెలుగు! "ప్రతి ఒక్కరికీ" అన్న దగ్గర ఆయన కావాలనే ఆగి, ఒత్తి పలికారు. ఏడ్చాను, ఏం, ఏడవకూడదా?

అధ్యక్ష స్థానంలో ఆమె ఏదో అడిగింది. "ఒప్పుకునేవాళ్ళు అవుననండి అంటోంది" అని హుస్సేన్‌బీ అరిచింది. సభలో ఉన్న ఆ కొద్దిమందీ ఏమన్నారో మాకు వినపడలేదు, ఎందుకంటే మా ముఠా మొత్తం "అవును" అని ఫంక్షన్‌హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఏమీ తెలియకపోయినా మాతోపాటు అరిచారు. నా ఎడమపక్క నుంచి ఒక మగగొంతు కూడా సన్నగా "అవును" అంది. తిరిగి చూస్తే కిషోర్‌బాబుగారు. ఈరోజుకీ అడిగితే "నేనేం అనలా" అంటారు. నా చెవులతో నేను విన్నాను.

"బిల్లును ప్రవేశపెడుతున్నాను అధ్యక్షా" అని ఎంపీగారు కూర్చున్నారు. అంతే. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆమె ఇంకొకరి పేరు పిలిచింది.

"వాయించండయ్యా!" అన్నారు దుర్గాంబగారు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి ఆవిడకి.

సన్నాయివాళ్ళు కిషోర్‌బాబుగారి వంక చూశారు. "గట్టిమేళం తాళికి వాయించేదండీ" అన్నారాయన, ముక్కు ఎగబీలుస్తూ.

"తాళికి మళ్ళీ వాయిస్తార్లే. వాయించండి!"

వాయించారు. డోలు పగిలిపోయేలా వాయించారు. అక్షింతల పళ్ళెంలోంచి మా ముఠాలో రమ్యో ఎవరో గుప్పెడు తీసి తెర మీదికే విసిరింది. ఆసిఫ్ "అయ్యో, తెర పాడవుద్ది" అంటూనే తల్లి దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఆమెని రెండు చేతులా ఎత్తేశాడు. మేకప్ గదిలోంచి అక్షయ సగం జడతోనే బయటికొచ్చేసి, "పిన్నీ, నీ గొంతేంటి అంత ఉంది!" అని హుస్సేన్‌బీని పట్టుకుంది. ఆ పిల్ల పెళ్ళిఫొటోల్లో మొదటి ఫొటో అదే. పెళ్ళికొడుకు కంటే ముందు హుస్సేన్‌బీ ఉంటుంది అందులో.

కాసేపటికి నా ఫోన్ మోగింది.

"పలికానండీ" అన్నాడు ఎంపీగారు.

"విన్నా సార్. నందిగామంతా విన్నది."

"కిషోర్‌బాబు బాగా కోపంగా ఉన్నాడా?"

చూశాను. కిషోర్‌బాబుగారు దుర్గాంబగారిని చెయ్యి పట్టుకుని, ఎంపీ కోసం వేయించిన పెద్ద కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఆ దండ ఆవిడ మెడలో ఉంది. "మీరొచ్చినట్టే సార్. లెక్కలో ఉన్నారు" అన్నాను. అవతల నవ్వు వినపడింది.

సాయంత్రం గోధూళివేళ తాళి కట్టారు. గట్టిమేళం మళ్ళీ వాయించారు, కానీ మొదటిదే బాగుందని అందరూ అన్నారు.

అది చట్టం కాలేదు. నాకు తెలుసు, ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. కాగితాల గుట్టలో ఉంది, ఎప్పుడు తీస్తారో తెలియదు. కానీ దానికి ఒక నంబరుంది ఇప్పుడు. పార్లమెంటు పుస్తకాల్లో ఉంది. లేదని ఎవడూ అనలేడు. ఎంపీగారికి వారం వారం ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ పీఏ మొదటి రింగుకే ఎత్తుతున్నాడు.

పెళ్ళి మర్నాడు కోత ఆపలేదు. తెల్లారకముందే చిల్లకల్లు సెంటర్‌కి వెళ్ళాను. కిషోర్‌బాబుగారి వ్యాన్ నిలబడి ఉంది. ముఠా అంతా రాత్రి పెళ్ళి కబుర్లే చెప్పుకుంటోంది. అందరికంటే ముందే వచ్చి, వ్యాన్ తలుపు పక్కన, పమిట బిగించి దోపుకుని హుస్సేన్‌బీ నిలబడి ఉంది.

"కొయ్యలేనక్కా. కానీ ఇంట్లో కూర్చోలేకపోయా" అంది.

నాకు ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత తోచింది. ఆమెని నేను నిలబడే చోటుకి జరిపి, నేను వెళ్ళి వరసలో నిలబడ్డాను.

"పేర్లు నువ్వు పిలువు. చేలో కాటా దగ్గర కూడా నువ్వే ఉండు. ఆ గొంతుకి ఇంకేం పనుంది?"

ఆమె నన్ను చూసింది. వరసని చూసింది. గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళ మేస్త్రిగిరీలో ఆ సెంటర్లో నా పేరు ఎవరూ పిలవలేదు, పిలిచేది నేనే కాబట్టి. మొట్టమొదట ఆ పేరే పిలిచింది. అక్కా లేదు, ఏమీ లేదు. ఒట్టి పేరు.

"రత్నమణీ!"

నా పేరేనని తట్టేసరికి ఒక్క క్షణం ఆలస్యమైంది. హుస్సేన్‌బీ ఇంకో పేరుకి నోరు తెరుస్తోంది.

"ఉన్నా!" అని అరిచాను.